ఏదీ, ఒక్కసారి అను

నానబెట్టిన గౌనుని బకెట్లోంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వాసన పోలేదు. మళ్లీ సబ్బు పట్టించి, బాత్రూం గచ్చు మీద పరిచి, బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టింది. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా గుక్కెడు మంచినీళ్లైనా తాగలేదు. పిల్ల బడి నుంచి తడిసిన గౌనుతో రావడం ఈ మధ్య మామూలైపోయింది. బడి ఆయా దాన్ని ప్లాస్టిక్ కవర్లో ముడేసి, పుస్తకాల సంచీలో కుక్కి పంపిస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉంది. కవరు చూస్తుంది, ముక్కు మూసుకుంటుంది, కాలితో ఓ మూలకి జరుపుతుంది. ముడి విప్పడం మాత్రం తల్లి పని. మధ్యాహ్నమంతా మూటలో మగ్గిన ఆ ఉచ్చ వాసన, ముడి విప్పగానే మొహం మీదకి కొడుతుంది.

“ఐదో ఏడు వచ్చినా ఉచ్చ తెలీని పిల్లని మా ఇంటా వంటా చూడలేదు,” అంది అత్తగారు హాల్లోంచి, టీవీ సౌండు తగ్గించి మరీ. “తల్లి ఇంటిపట్టున ఉంటే వేళకి అలవాట్లు వస్తాయి. ఎవరి గోల వాళ్లదైతే ఇంతే.”

పిల్లకి తెలియక కాదు. ఆ సంగతి పొద్దున బడి దగ్గర దింపేటప్పుడు టీచరే చెప్పింది. “మీ పాప ఏమంటుందో మాకు ఒక్క ముక్క అర్థం కాదండీ. మళ్లీ చెప్పమంటే మిగతా పిల్లలు నవ్వుతారు. మొదట్లో చెయ్యి పట్టుకుని లాగేది. ఇప్పుడు అడగడమే మానేసింది. తడుపుకుని అలాగే కూర్చుంటుంది.” అంటూనే టీచరు ఇంకో తల్లి వైపు తిరిగిపోయింది. అడగడమే మానేసింది. రోజంతా బస్టాండులో ఆ గాజు గదిలో కూర్చుని, ఫలానా ఊరు వెళ్లే బస్సు ఫలానా ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉందని మైకులో చెబుతున్నంతసేపూ, ఆమె లోపల ఆ రెండు మాటలే తిరిగాయి.

ఆమె ఉద్యోగమే మాట. స్పష్టంగా, తొందర పడకుండా, ప్రతి అక్షరం వినపడేలా చెప్పడం. చదువు తక్కువ ముసలాళ్లకి కూడా తమ బస్సు ఏదో తెలియాలి. ఆమెకి అది వచ్చు. కానీ మేనేజరుకి అది చాలదు. “కొంచెం నవ్వు కలిపి చెప్పమ్మా. బస్సు లేటైనా సరే, వినేవాడికి తియ్యగా ఉండాలి,” అంటాడు, ఆమె కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడి. అప్పుడప్పుడూ ఎవడో ఒకడు గాజు అద్దం మీద వేలితో కొడతాడు. ఆమె తలెత్తుతుంది. వాడు పక్కవాడితో “గొంతు విని ఇంకేదో అనుకున్నాం రా,” అంటాడు. నవ్వుకుంటూ పోతారు. అద్దం మీద వేలిముద్ర జిడ్డుగా మిగిలిపోతుంది. దాన్ని తుడవడం కూడా ఆమె పనే.

ఇంట్లో మాత్రం పిల్ల వసపిట్ట. దానికి క రాదు, త వస్తుంది. గ రాదు, ద వస్తుంది. ర ఎక్కడున్నా ల అయిపోతుంది. కుర్చీ తుల్చీ, కిటికీ తిటితీ, కుక్క తుత్త. పక్కింటి అక్కని అత్త అని పిలుస్తుంది. అదంటే ఇంటికొచ్చినవాళ్లందరికీ తగని సరదా. కాలం గడిచే కొద్దీ జరిగిందేమిటంటే, పిల్ల పెద్దవాళ్ల మాట నేర్చుకోలేదు, పెద్దవాళ్లే పిల్ల మాట నేర్చుకున్నారు. “తూల బావుందా తల్లీ?” అంటుంది నాయనమ్మ, కూర కలిపి ముద్ద పెడుతూ. “తాలులో వెల్దామా?” అంటాడు తండ్రి, కారు తాళాలు ఆడిస్తూ. ఎప్పుడో బొమ్మల పుస్తకంలో కోతిని చూసి పిల్ల తోతి అన్నదట, అప్పట్నుంచీ ఆ ఇంట్లో పిల్ల పేరే తోతి. అసలు పేరు క తోనే మొదలవుతుంది. దాన్ని పిల్ల ఏనాడూ సరిగా పలకలేదు. పలకాల్సిన అవసరం ఎవరూ రానివ్వలేదు. ఏ ఊళ్లోనూ లేని ఒక భాష ఆ నాలుగు గోడల మధ్య పుట్టింది. ఆ భాష ఒక్కటే చేతికిచ్చి పిల్లని బడికి పంపించారు.

తండ్రికి దీంట్లో ప్రత్యేకమైన ప్రతిభ ఉంది. క లూ గ లూ దట్టించి వాక్యాలు తయారుచేస్తాడు. “కిటికీ దగ్గర కాకి కూర్చుని కూర కొరికింది” అన్నది ఆయన సొంత రచన. ఎవరైనా ఇంటికి రాగానే పిల్లని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. “ఏదీ, ఒక్కసారి అను,” అంటాడు. పిల్ల, “తిటితీ దద్దల తాతి తూల్చుని తూల తొలితింది,” అంటుంది. నవ్వులే నవ్వులు. ఒకాయన అయితే నవ్వి నవ్వి నోట్లో ఉన్న టీ చొక్కా మీద కక్కుకున్నాడు. ఆ వాక్యం తండ్రి ఫోన్లో రింగుటోను కూడా. ఆఫీసులో మీటింగు మధ్యలో మోగిందనీ, అందరూ పడీ పడీ నవ్వారనీ వచ్చి చెప్పాడు. ఆమె అప్పుడు అన్నం వడ్డిస్తోంది. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తన పిల్ల గొంతు, అందులోని ఆ తడీ ఆ తడబాటూ, ఎవరెవరో మగాళ్ల జేబుల పక్కన, బల్లల మీద మోగుతోందన్న తలపు వచ్చింది. ఇంకో గరిటె కూర వేసింది.

గౌను ఆరేసి వచ్చి, ఆ సాయంత్రం మొగుడితో మాట కదిపింది.

“పిల్లని స్పీచ్ థెరపిస్టుకి చూపిద్దామండీ. బడిలో దాని మాట ఎవరికీ తెలియడం లేదు.”

“నీకు తెలుస్తోందిగా,” అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

“నేను బడికి వెళ్లి పక్కన కూర్చోను కదా.”

“అదే వస్తుందిలే. పిల్లలన్నాక ఆమాత్రం ఉంటుంది. వాళ్ల టీచరుకి పని చెయ్యబుద్ధి కాక నీకేదో చెప్పింది, నువ్వు పట్టుకున్నావు.”

అత్తగారు అందుకుంది. “ముద్దు మాటలు ఎన్నాళ్లుంటాయి! ఉన్నన్నాళ్లు విననీ. ఆడపిల్ల గడగడా వాగితే మాత్రం ఎవరికి కావాలి? అయినా ఊళ్లోవాళ్లందరికీ ఏ బస్సు ఎటు పోతుందో మైకు పెట్టి చెబుతావే, కడుపున పుట్టినదానికి నాలుగు ముక్కలు నేర్పలేవూ?”

ఒక్క ఊపిరిలోనే రెండూ. మాట రాకపోవడం ముద్దు. నేర్పకపోవడం తల్లి తప్పు. ఆమెకి బావగారి కొడుకు గుర్తొచ్చాడు. వాడికి ఇదే వయసులో ఒక్క ర మాత్రం తిరిగేది కాదు. రైలుని లైలు అనేవాడు. ఇల్లంతా అట్టుడికిపోయింది. “మగపిల్లాడు, రేపు నలుగురిలో నిలబడి మాట్లాడాల్సినవాడు,” అని ఇదే అత్తగారు కన్నీళ్లు పెట్టుకుంది. ఇదే మొగుడు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ అన్నగారి కొడుకుని బండి మీద డాక్టరు దగ్గరికి తిప్పాడు. రోజూ సాయంత్రం నాయనమ్మ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ర్ర ర్ర అనిపించేది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. వాడి లైలు ఎవరి ఫోన్లోనూ మోగలేదు.

చెప్పి ఒప్పించడం ఆమెకి చేతకాలేదు. చెప్పకుండా తీసుకెళ్లడం చేతనైంది. తోటి అనౌన్సరుతో డ్యూటీ మార్చుకుని, పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్పీచ్ థెరపిస్టు నడివయసు మనిషి. ముందు చెవుల పరీక్ష చేయించుకు రమ్మంది. వినికిడి సరిగ్గా ఉంటేనే తర్వాతి సంగతి అంది. చెవులు బాగానే ఉన్నాయని తేలాక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“నీ పేరేంటమ్మా?”

“తోతి.”

థెరపిస్టు నవ్వలేదు. తల్లి వైపు చూసింది. తల్లి అసలు పేరు చెప్పింది. చెబుతుంటే ఆ పేరు తనకే కొత్తగా వినిపించింది.

“పాప మాట బయటివాళ్లకి ఎంత అర్థమవుతుంది?” అని అడిగింది థెరపిస్టు.

“నాకైతే అంతా అర్థమవుతుందండీ.”

“మీ సంగతి కాదు. మీరు తల్లి, మీకు అర్థమై తీరుతుంది. దారిన పోయేవాళ్లకి?”

ఆమె జవాబు వెతుక్కుంది. పిల్ల ఏదైనా అనగానే అందరూ తనవైపు తిరగడం, “ఏమంటోందీ?” అనడం, చేస్తున్న పని ఆపి తను విప్పి చెప్పడం గుర్తొచ్చాయి. పొయ్యి దగ్గర నుంచి, బట్టల దగ్గర నుంచి, స్నానం చేస్తూ తలుపు వెనక నుంచి కూడా. అదొక పని అని ఇన్నాళ్లూ ఆమెకే తట్టలేదు.

“సగం కూడా కాదు,” అంది.

“చూడండమ్మా, మూడేళ్లు నిండేసరికి పిల్లల మాట బయటివాళ్లకి చాలావరకు తెలియాలి. నాలుగు నిండాక దాదాపు అంతా తెలియాలి. ర కి కంగారు లేదు, దానికి ఇంకా టైముంది. క, గ అలా కాదు, అవి ఈపాటికి వచ్చేయాలి. ఇవన్నీ ఒక ఎత్తు. పిల్ల సిగ్గుపడి మాట్లాడటమే మానేస్తోందంటే మాత్రం వయసు లెక్కలు చూస్తూ కూర్చోకూడదు, వచ్చెయ్యాలి. మంచిపని చేశారు, వచ్చారు.”

ర కి కంగారు లేదు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే రోత పుట్టింది. తొందర లేనివాడి కోసం ఇల్లంతా పరిగెత్తింది. తొందర ఉన్నదాన్ని పట్టుకుని ఇల్లంతా నవ్వింది.

“ఇంట్లో అందరికీ చెప్పండి,” అంది థెరపిస్టు. “తప్పు పలికితే తిట్టొద్దు, మళ్లీ మళ్లీ అనమని వేధించొద్దు. దాని మాటనే మీరు సరిగా తిరిగి అనండి, చాలు. అది తాతి అంటే, అవును, కాకి వచ్చింది అనండి. అన్నిటికంటే ముందు, దాని మాటలు మీరెవరూ మాట్లాడకండి. నవ్వకండి.”

ఇంటికొచ్చి చెప్పింది. చెప్పకుండా వెళ్లినందుకు రెండు రోజులు మొగుడు మాట్లాడలేదు. మాట్లాడాక అన్న మొదటి మాట, “అయితే ఇప్పుడు నా పిల్లతో నేను ఎలా మాట్లాడాలో నాకు ట్రైనింగా?” అని. అత్తగారు, “తప్పమ్మా, అమ్మకి తోపం వత్తుంది,” అని పిల్లతో అంటూ కోడలి వైపు చూసి మూతి ముడిచింది.

దాంతో అది తల్లీకూతుళ్లిద్దరి పని అయిపోయింది. డ్యూటీ నుంచి వచ్చాక గది తలుపు వేసి, ఇద్దరూ చాప మీద వెల్లకిలా పడుకునేవాళ్లు. అలా పడుకుంటే నాలుక దానంతటదే వెనక్కి జారుతుందని థెరపిస్టు చెప్పింది. నోరు తెరిచి, పైకప్పు చూస్తూ, గొంతులోంచి దగ్గినట్టుగా క్, క్, క్. నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించడం. పిల్లకి ఇదొక ఆట. చాలా రోజులు గాలే వచ్చింది. ఒకరోజు ఆ గాలిలోంచి చిన్న రాయి దొర్లినట్టు క్క అని వచ్చింది. పిల్ల ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆ శబ్దం ఎవరు చేశారన్నట్టు చుట్టూ చూసింది. తర్వాత రెండు చేతులతో గొంతు పట్టుకుంది. “అమ్మా, ఇత్తడ ఉంది,” అంది. ఇక్కడ ఉంది. ఆమె పిల్లని గట్టిగా హత్తుకుంది. “అవును, ఇక్కడే ఉంది,” అంది.

ఆ తర్వాత కాలు వచ్చింది. కాకి వచ్చింది. కుక్క కి ఎక్కువ రోజులు పట్టింది. బడిలో బాత్రూం కింద అంతస్తులో ఉంటుంది. పిల్ల “కిందకి వెల్లాలి” అని అడిగిందట, టీచరు చెప్పింది. ఆ రోజు సంచీలో కవరు లేదు. ఆమె సంచీ మొత్తం కుమ్మరించి చూసుకుంది. ఇంట్లో ఎవరూ ఏమీ గమనించలేదు. పొడి గౌను ఎవరికి కనపడుతుంది?

ఒక ఆదివారం మొగుడు పెద్ద ఆఫీసరునీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచాడు. పొద్దుట్నుంచీ ఆమె వంటింట్లోనే ఉంది. వడ్డించింది, మారు వడ్డించింది, ఎంగిలి కంచాలు తీసింది. పళ్లముక్కలు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి పిల్ల తండ్రి ఒళ్లో ఉంది.

“మా తోతి స్పెషల్ మీరు వినలేదు సార్. ఏదీ తల్లీ, కిటికీ దగ్గర కాకి కూర్చుని కూర కొరికింది. ఏదీ, ఒక్కసారి అను.”

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. భయం వెయ్యలేదు. పైగా లోపల ఒక చిన్న పొగరు లేచింది. అనుకోనీ, ఇప్పుడు అనిపించుకోనీ. వారం రోజులుగా పిల్ల ఆ వాక్యంలో ఒక్క ర తప్ప అంతా సరిగ్గా అంటోంది. ఇప్పుడు వీళ్ల మొహాలు చూడాలి.

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఆఫీసరు మొహంలోకి చూసింది. తల ఒక పక్కకి వాల్చి, బుగ్గ మీద వేలు పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి అంది: “తిటితీ దద్దల తాతి తూల్తుని తూల తొలితింది.”

హాలు గొల్లుమంది. ఆఫీసరు తొడ మీద చరుచుకున్నాడు. ఆయన భార్య, “అయ్యో, ఎంత ముద్దొస్తోందో!” అని చాక్లెట్ ఇచ్చింది. తండ్రి పిల్లని గాల్లోకి ఎగరేసి పట్టుకుని, మెడలో మొహం పెట్టి ముద్దు పెట్టుకున్నాడు.

ఆమె చెవులు మాటల దగ్గర ఆరితేరిన చెవులు. తూల్చుని కాదు, తూల్తుని. చ పిల్లకి ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు కావాలని తప్పించింది. పళ్లెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చేసింది. కంచాల్లో మిగిలిన ఎంగిలి, నూనె తేలుతున్న నీళ్లు, సింకులోంచి వాసన. చేతులు ఆ నీళ్లలోనే ఉంచి నిలబడిపోయింది.

పిల్ల వెనకే వచ్చింది, మూతికంతా చాక్లెట్ పూసుకుని.

“నీకు కాకి వచ్చు కదా?” అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

“కాకి,” అంది పిల్ల. శుభ్రంగా, గొంతులోంచి. “కాకి, కూల, కుక్క. అన్నీ వచ్చు.”

“మరి అక్కడ అలా ఎందుకన్నావు?”

పిల్ల ఆమెని వింతగా చూసింది, ఇంత చిన్న విషయం అమ్మకి తెలియకపోవడమేమిటన్నట్టు. “కాకి అంటే నాన్న ఎత్తుకోడు.”

ఎత్తుకోడు లో కూడా క ఎంత చక్కగా పలికిందో.

ఆమెకి ముందు మొగుడి మీద అసహ్యం పుట్టింది, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడించే చేతుల మీద, ఆ ముద్దు మీద. నిజమే, ఆయన ఇంకెప్పుడు పిల్లని ఎత్తుకున్నాడు? జ్వరమొస్తే ఎత్తుకున్నాడా, పడితే ఎత్తుకున్నాడా? తర్వాత ఆ అసహ్యం అక్కడ ఆగలేదు. ఇటు తిరిగింది. ఆ వాల్చిన తల, ఆ పెద్దవి చేసిన కళ్లు ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో కాదు. మొన్న కారు రిపేరులో ఉండి, బస్సులో మొగుడి చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, అందరి ముందూ, “మనం ఏ బస్సు ఎక్కాలండీ?” అని అడిగింది తనే. పొద్దుట లేస్తే అన్ని బస్సుల పేర్లూ చదివే మనిషి. తల ఒక పక్కకి వాల్చి మరీ అడిగింది, అలా అడిగితే ఆయనకి బావుంటుందని. ఆయన ఏదో బస్సు చూపించాడు. అది తప్పు బస్సని తెలిసే ఎక్కింది. ఊరవతలకి వెళ్లిపోయాక, కండక్టరు చెప్పాక దిగారు. “చూసుకోవద్దూ నువ్వు?” అన్నాడాయన. “నాకేం తెలుస్తుందండీ,” అంది తను. ఒళ్లో పిల్ల ఉంది. నిద్రపోవడం లేదు, వింటోంది.

అది ఎవరి దగ్గర నేర్చుకుందని మళ్లీ అడగక్కర్లేదు. రాని అక్షరానికి థెరపిస్టు ఉంది. వచ్చిన అక్షరాన్ని మింగేసి రానట్టు నటించడానికి ఎవరు వైద్యం చేస్తారు? తడి గౌను వాసన సబ్బుతో పోతుంది. ఇది పోదు. ఇది పదేళ్లకి తీపి గొంతు అవుతుంది, ఇరవై ఏళ్లకి పద్ధతైన పిల్ల అవుతుంది, ముప్పై ఏళ్లకి తప్పు బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది.

“ఏమోయ్!” హాల్లోంచి మొగుడు కేకేశాడు. “తోతిని పంపించు. మేడమ్ రికార్డు చేసుకుంటారట!”

పిల్ల మూతి తుడుచుకుని బయల్దేరింది. ఆమె తడి చేత్తో దాని భుజం పట్టుకుని ఆపింది. తను గుమ్మం దాకా వెళ్లింది.

“రాదండీ,” అంది. “దానికి మాటలు బాగానే వచ్చాయి. మీరు నవ్వుతారని రానట్టు చెబుతోంది. ఇక చెప్పదు.”

మేడమ్ ఎత్తిన ఫోను ఒళ్లోకి దించుకుంది. ఆఫీసరు గొంతు సవరించుకుని, పళ్లముక్క ఒకటి తీసుకుని, దాని కేసే చూస్తూ కూర్చున్నాడు. “పిల్లల సంగతి అంతే సార్, మూడ్ రాకపోతే...” అని మొగుడు ఏదో నవ్వబోయాడు. ఎవరూ తోడు నవ్వలేదు. అత్తగారు టీవీ పెట్టింది.

ఆమె వంటింట్లోకి తిరిగి వచ్చిన కాసేపటికి ఆయన వెనకే వచ్చాడు. గొంతు హాల్లోకి వినపడకుండా పళ్లు బిగపట్టి, మొహం మొహంలో పెట్టి అన్నాడు. “పెద్దాయన ముందు నన్ను వెధవని చేస్తావా? నీకు బుద్ధుందా?”

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె ఎన్నోసార్లు విన్నది. దానికి జవాబు ఉండదు. తల దించుకోవాలి, పొరపాటైందండీ అని సగం మింగేసిన గొంతుతో అనాలి, అప్పుడు ఆయన మెత్తబడతాడు. సింకు పక్కన పిల్ల నిలబడి ఉంది. చాక్లెట్ నమలడం ఆపేసి, అమ్మ ఇప్పుడు ఎలా మాట్లాడుతుందా అని చూస్తోంది.

“ఉంది,” అంది ఆమె, పిల్లకి వినపడేలా.